సిస్టరు చదువుకి సెలవు పెట్టాలా?

పోయిన ఏడాది మా అత్తయ్యగారికి యాంజియోగ్రామ్ చేయించాం. ఆవిడకి డెబ్బై రెండేళ్ళు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఆర్నెల్లుగా అంటూనే ఉన్నారు. "వయసు కదండీ" అని మేమూ సరిపెట్టుకుంటూ వచ్చాం. ఓ రోజు పూజ దగ్గర్నుంచి లేవబోయి అక్కడే కూలబడ్డారు. అప్పుడు కదిలాం. కుడిచేతి మణికట్టు దగ్గర్నుంచి గొట్టం పంపి పరీక్ష చేశారు. స్టెంటు అవసరం లేదన్నారు. అందరం హమ్మయ్య అనుకున్నాం.

అసలు కంగారు ఆ తర్వాత వచ్చింది. గొట్టం తీసేశాక మణికట్టుకి గాజులాగా ఒక ప్లాస్టిక్ పట్టీ వేసి, అందులోకి సిరంజితో గాలి కొట్టి బిగిస్తారు. రక్తం కారకుండా ఉండటానికి. సాయంత్రమయ్యేసరికి ఆవిడ వేళ్ళు కమిలి, చల్లబడి, "తిమ్మిరే అమ్మాయ్, చెయ్యి నాది కాదేమో అనిపిస్తోంది" అంటున్నారు. డ్యూటీలో ఉన్న సిస్టరుని పిలిచాను. ఇరవై రెండేళ్ళు కూడా ఉంటాయో ఉండవో. "అలాగే బిగించి ఉంచాలండీ, లేకపోతే రక్తం వచ్చేస్తుంది" అంది. ఆ పిల్లని ఏమీ అనలేను. ఆమెకి అంతవరకే చెప్పారు, అంతవరకే చేసింది.

రాత్రి తొమ్మిదింటికి ఇంకో సిస్టరు వచ్చింది. చెయ్యి చూడగానే పట్టీలోంచి కాస్త గాలి తీసింది. ఆక్సిజన్ చూసే క్లిప్పు ఆవిడ బొటనవేలికి తగిలించి, చిటికెనవేలి వైపు మణికట్టుని తన వేలితో నొక్కి పట్టుకుని, తెర మీద గీత కదులుతోందా లేదా అని చూసింది. ఇంకాస్త గాలి తీసింది. గీత కదిలింది. "ఇప్పుడు సరిపోయిందండీ. రక్తం బయటికి రాకూడదు, లోపల ఆగిపోనూ కూడదు. రెండూ చూసుకోవాలి" అంది. పావుగంటలో వేళ్ళకి రంగు వచ్చింది.

ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని అడక్కుండా ఉండలేకపోయాను. "ఒక క్లాసుకి వెళ్ళానండీ, నా వీకాఫ్ రోజున. బాబుకి జ్వరంగా ఉన్నా మా అమ్మ దగ్గర వదిలి వెళ్ళాను. డబ్బు కట్టేశాను కదా మరి!" అంది నవ్వుతూ.

అప్పట్నుంచీ నా బుర్రలో తిరుగుతున్నది ఆ 'వీకాఫ్' అన్న మాటే. వారానికి ఒక్కరోజు వచ్చే సెలవు, సొంత డబ్బు, జ్వరంతో ఉన్న బిడ్డ... ఇన్ని పెట్టుబడి పెట్టి ఆమె నేర్చుకున్న విద్యతో బాగుపడింది మాత్రం మా అత్తయ్యగారి చెయ్యి. ఆ ఆసుపత్రి పేరు కూడాననుకోండి!

ఆవిడ చేసినదేమీ చిట్కావైద్యం కాదు. పరీక్ష తర్వాత మణికట్టు రక్తనాళాన్ని పూర్తిగా అణిచిపెట్టడం మంచిది కాదని, లోపల రక్తం పారేంత వదులుగా నొక్కితే చాలని 2008లో ఒక అధ్యయనం తేల్చింది. గట్టిగా బిగించినవారిలో వందకి పన్నెండుమందికి మర్నాటికి ఆ నాళం మూసుకుపోతే, ఇలా చూసి చూసి బిగించినవారిలో అది అయిదుగురికే జరిగింది. ఒకసారి మూసుకుపోతే రేపు ఇంకో యాంజియోగ్రామ్‌కి ఆ దారి పనికిరాకపోవచ్చు. ఇంత పెద్ద తేడా తెచ్చింది కోట్ల రూపాయల యంత్రం కాదు. పదీ పదిహేను సీసీల గాలి, దాన్ని ఎప్పుడు ఎంత తీయాలో తెలిసిన ఒక సిస్టరు చెయ్యి. ఆ సంగతి ఒక సిస్టరుకి తెలిసి, అదే వార్డులో ఇంకో సిస్టరుకి తెలియకపోవడం ఎలా కుదిరింది?

తలుపు లోపల ఎవరెవరు?

క్యాథ్ ల్యాబ్ అంటే రక్తపరీక్షలు చేసే ల్యాబు కాదు. అదొక ఆపరేషన్ గది లాంటిది. గుండె రక్తనాళాల్లోకి సన్నని గొట్టం పంపి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, అడ్డం ఎక్కడుందో కనిపెడతారు. అవసరమైతే అక్కడికక్కడే బెలూన్‌తో తెరిచి స్టెంటు పెడతారు. బయట కుర్చీల్లో కూర్చున్న మనకి తెలిసేది డాక్టరుగారి పేరొక్కటే. లోపల మాత్రం మందులు ఇచ్చే సిస్టరు, గొట్టాలూ తీగలూ అందించే సిస్టరు, తెర ముందు కూర్చుని గుండె గీతనీ రక్తపోటునీ కనిపెట్టుకుని ఉండే టెక్నీషియను, ఎక్స్‌రే యంత్రం నడిపే టెక్నీషియను ఉంటారు. డాక్టరుగారి కళ్ళు గొట్టం కొస మీద ఉంటాయి. మిగతా మనిషంతా వీళ్ళ కళ్ళల్లో ఉంటాడు.

ఈ విద్య పుట్టుకలోనే ఒక నర్సు ఉందని మీకు తెలుసా? 1929లో జర్మనీలో ఎబర్స్‌వాల్డే అనే ఊళ్ళో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే పాతికేళ్ళ డాక్టరు చేతి నరంలోంచి గుండె దాకా గొట్టం పంపవచ్చునని పట్టుపట్టాడు. పైవాళ్ళు వద్దన్నారు. శుభ్రపరచిన పరికరాల తాళాలు గెర్డా డిట్జెన్ అనే నర్సు దగ్గరుండేవి. ఆమెకి నచ్చజెప్పాడు. ఆమె ఎంత ధైర్యవంతురాలంటే, ఆ ప్రయోగం నా మీదే చెయ్యమంది. సరేనని ఆమెని బల్లకి కట్టేసి, ఈలోగా గొట్టం తన చేతిలోకే ఎక్కించుకున్నాడు! మోసపోయానని తెలిశాక కూడా ఆమె ఆయన్ని వదిలిపోలేదు. ఎక్స్‌రే గదికి తోడు వెళ్ళి, తెర ఆయనకి కనిపించేలా అద్దం పట్టుకుని నిలబడింది. 1956లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది, ఇంకో ఇద్దరితో కలిపి. గెర్డా పేరు మాత్రం కథ చెప్పేవాళ్ళు గుర్తుపెట్టుకుంటేనే ఉంటుంది.

ఆ రోజు అద్దం పట్టుకుంటే సరిపోయింది. ఇప్పుడు సరిపోదు.

మా పెద్దమ్మ మనవరాలు, నాకు కూతురి వరస, విజయవాడలో ఓ ప్రైవేటు ఆసుపత్రి క్యాథ్ ల్యాబ్‌లో స్టాఫ్‌నర్సు. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు అరిసెల పిండి కలుపుతూ దాన్ని కదిలించాను. ఇక చూడండి, రెండు గంటలు చెప్పింది.

"హెపారిన్ తెలుసా పిన్నీ? గొట్టం లోపలుండగా రక్తం గడ్డకట్టకుండా ఇస్తాం. అయిదు మిల్లీలీటర్ల వయల్‌లోనే అయిదు వేల యూనిట్లూ వస్తుంది, పాతిక వేల యూనిట్లూ వస్తుంది. సైజు ఒకటే. తొందరలో ఒకటి బదులు ఇంకోటి లాగామనుకో, అయిదు రెట్లు లోపలికి వెళ్ళినట్టే!"

టెక్నీషియన్ల పని గురించి అది చెప్పింది వింటే నాకు ఇంకా భయమేసింది. రక్తనాళంలో ఒత్తిడి కొలిచే పరికరాన్ని ముందుగా రోగి గుండె ఎత్తుకి సరిగ్గా పెట్టి సున్నా దగ్గర నిలపాలట. 'జీరో చెయ్యడం' అంటారు. అది జానెడు లోపే, పది సెంటీమీటర్లు కిందో పైనో ఉంటే లెక్క ఏడెనిమిది పాయింట్లు తప్పుతుంది. ఏడెనిమిదికి ఏముందిలే అనుకోకండి. అడ్డం మధ్యరకంగా ఉన్నప్పుడు, దానికి అవతలి ఒత్తిడినీ ఇవతలి ఒత్తిడినీ పోల్చి, ఆ నిష్పత్తి 0.80 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే స్టెంటు, పైన ఉంటే మందులు అని తేలుస్తారు. అంచున ఉన్న మనిషికి ఆ కొద్ది తేడాతోనే స్టెంటు పడొచ్చు, లేదా పడాల్సిన స్టెంటు తప్పిపోవచ్చు. స్టెంటు ధరల మీద మనం చాలా మాట్లాడుకున్నాం. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం మందుపూత స్టెంటుకి 29,600 రూపాయలని గరిష్ఠ ధర కట్టినప్పుడు సంతోషించాం కూడా. కానీ ఆ స్టెంటు కావాలా వద్దా అని చెప్పే అంకె ఎవరి చేతిలో పుడుతుందో ఏనాడైనా అడిగామా?

ఇంకోటీ ఉంది, ఇది ముఖ్యంగా ఆడపిల్లలకి సంబంధించినది. క్యాథ్ ల్యాబ్‌లో రోజంతా ఎక్స్‌రే కిరణాల మధ్యే ఉద్యోగం. అయిదారు కిలోల సీసపు ఏప్రాన్ తగిలించుకుని గంటల తరబడి నిలబడాలి. కిరణాలు పుట్టే చోటి నుంచి దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే పని లేనప్పుడు రెండడుగులు వెనక్కి వెయ్యడం కూడా ఒక విద్యే! మన అణుశక్తి నియంత్రణ మండలి నిబంధన ప్రకారం గర్భిణి అయిన ఉద్యోగిని ఆ సంగతి తెలియజేశాక, కడుపులో బిడ్డకి మిగిలిన నెలలన్నిటికీ కలిపి ఒక మిల్లీసీవర్టు మించకూడదు. ఈ మాట ఎంతమంది పిల్లలకి ఉద్యోగంలో చేరిన రోజున కూర్చోబెట్టి చెబుతున్నారు? చెప్పకపోతే, నెల తప్పిన సంగతి సిగ్గుతోనో, ఉద్యోగం పోతుందన్న భయంతోనో మూడో నెల దాకా దాచుకునే అమ్మాయిలుంటారు. మన ఇళ్ళల్లో పద్ధతి మనకి తెలియంది కాదుగా.

గంటల లెక్క

అసలు నియమాలు లేవా అంటే ఉన్నాయి. నర్సులు రిజిస్ట్రేషన్‌ని అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఆ అయిదేళ్ళలో 150 గంటల నిరంతర విద్య పూర్తిచేసినట్టు చూపించాలని భారత నర్సింగ్ కౌన్సిల్ పెట్టింది. ఏడాదికి ముప్ఫై గంటలు. కాగితం మీద చూస్తే ముచ్చటగానే ఉంది. బ్రిటన్‌లో 2016 నుంచి మూడేళ్ళకి 35 గంటలే అడుగుతున్నారు. లెక్కకి మనమే ఎక్కువ!

కానీ ఆ గంటలు ఎలా నిండుతున్నాయో మా అమ్మాయి చెప్పింది. "హాల్లో వందమందిని కూర్చోబెడతారు పిన్నీ. సంతకాలు తీసుకుంటారు. ఒకాయన స్లైడ్లు చదువుతాడు. నైట్ డ్యూటీ దిగి వచ్చినవాళ్ళు కునుకు తీస్తారు. మధ్యాహ్నం బిర్యానీ, సర్టిఫికెట్. అందులో గుండె గురించి ఒక్క ముక్క ఉండాలని లేదు. నా 150 గంటల్లో నా పనికి పనికొచ్చినవి ఇరవై ఉంటాయేమో." పనికొచ్చేవి కావాలంటే సొంతంగా వెతుక్కోవాలి. గుండె ఆగినప్పుడు చెయ్యాల్సిన అత్యవసర చికిత్సకి ఏసీఎల్‌ఎస్ అని ఒక కోర్సుంది. దాని సర్టిఫికెట్‌కి రెండేళ్ళే ప్రాణం, మళ్ళీ కట్టాలి, మళ్ళీ రాయాలి. ఫీజు వేలల్లో ఉంటుంది.

ఏ జీతంలోంచి కడతారు? ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల బాధలు సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2016లో కేంద్రం వేసిన కమిటీ ఎంత చిన్న ఆసుపత్రి అయినా నెలకి ఇరవై వేలకి తగ్గకూడదని సిఫారసు చేసింది. అది సిఫారసు, అంతే. చిన్న పట్టణాల నర్సింగ్‌హోముల్లో పనిచేసే మీ చుట్టాలమ్మాయిని అడిగి చూడండి, ఆ అంకె తనకి అందిందో లేదో.

టెక్నీషియన్ల సంగతి ఇంకా అన్యాయం. మన దగ్గర ఇంటర్ తర్వాత పారామెడికల్ బోర్డు ద్వారా రెండేళ్ళ క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా ఉంది. ఆపైన నేర్చుకున్నాడా లేదా అని అడిగే జాతీయ స్థాయి నాథుడు చాలాకాలం లేడు. 2021లో పార్లమెంటు అనుబంధ వైద్య వృత్తులవారి కోసం జాతీయ కమిషన్ చట్టం చేసింది. డిప్లొమాకి కనీసం రెండు వేల గంటల చదువుండాలని, కేంద్రంలోనూ రాష్ట్రాల్లోనూ రిజిస్టర్లుండాలని అందులో రాశారు. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో ఇంకో కొత్త చట్టం వచ్చింది. మంచిదే. అయితే రిజిస్టరులో పేరెక్కడం వేరు, చేతికి పని కొత్తగా రావడం వేరు. చట్టం గంటలని లెక్కపెట్టగలదు గానీ ఆ గంటలు డ్యూటీలో భాగమా, మనిషి సెలవులోంచి కోసుకునేవా అన్నది తేల్చకపోతే, నా దృష్టిలో అసలు సంగతి వదిలేసినట్టే.

యాజమాన్యాలవారి వాదన నాకు తెలుసు. "మేం ఖర్చుపెట్టి నేర్పిస్తాం, ఏడాది తిరక్కుండా గల్ఫ్‌కో, బ్రిటన్‌కో ఎగిరిపోతారు" అంటారు. అందులో అబద్ధం లేదు. వెళ్తున్నారు. కానీ నేర్పించకపోతే ఉంటారా? నేర్పించడం మానేసినా వెళ్ళేవాళ్ళు వెళ్తూనే ఉన్నారు. మిగిలేది నేర్పని ఆసుపత్రి, నేర్వని సిస్టరు, మంచం మీద మనం. కోట్లు పోసి కొన్న యంత్రానికి ఏటేటా మెయింటెనెన్స్ కాంట్రాక్టు కడతారే, ఆ యంత్రం పాడైపోతుందేమోనని! మనిషికి మాత్రం ఎందుకు కట్టరు?

నేర్పిస్తే ఏం జరుగుతుందో లోకం చూసి ఆరు దశాబ్దాలైంది. 1960ల మొదట్లో అమెరికాలో గుండెపోటు రోగులకి ప్రత్యేక వార్డులు పెట్టారు. అంతకుముందు గుండె గీత చదవడం, షాకివ్వడం డాక్టర్ల పనే. డాక్టరు పరుగెత్తుకొచ్చేలోపే రోగి పోయేవాడు. ఫిలడెల్ఫియాలో లారెన్స్ మెల్ట్‌జర్ అనే డాక్టరు, రోజ్ పినియో అనే నర్సు కలిసి నర్సులకే ఆ గీతలు చదవడం నేర్పించారు. ప్రాణం మీదికొస్తే డాక్టరు కోసం ఆగకుండా షాకివ్వమన్నారు. నర్సుల చేతికి అంత అధికారమా అని ముక్కున వేలేసుకున్నవాళ్ళు లేకపోలేదు. 1967లో న్యూయార్క్‌లో కిల్లిప్, కింబల్ అనే డాక్టర్లు తమ వార్డు లెక్కలు అచ్చువేశారు. షాక్‌లోకి వెళ్ళని గుండెపోటు రోగుల్లో మరణాలు వందకి 26 నుంచి 7కి దిగాయి, చికిత్స వెంటనే మొదలుపెట్టే అధికారం నర్సులకి ఇచ్చాక. చదువొక్కటే కాదు, ఆ చదువుని వాడే అధికారం కూడా ఇచ్చారన్నది గమనించండి. మన సిస్టరు క్లాసుకెళ్ళి నేర్చుకొచ్చినా, "డాక్టరుగారిని అడక్కుండా పట్టీ ఎందుకు ముట్టుకున్నావ్?" అని కసిరే పెద్దలుంటే ఆ చదువు ఏ గంగలో కలపాలి?

చిన్న ఊళ్ళ చెల్లెళ్ళకి

ఇదంతా పట్నం ఆసుపత్రుల గొడవ, మనకెందుకు అనుకుంటున్నారా? 2023లో ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి ప్రాంతంతో ఒక మంచి పథకం మొదలైంది. గుండెపోటు వచ్చిన మనిషి దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి వస్తే అక్కడే ఈసీజీ తీసి పెద్దాసుపత్రి డాక్టరుకి పంపుతారు. ఆయన అవునంటే గడ్డని కరిగించే టెనెక్టిప్లేజ్ ఇంజెక్షను అక్కడికక్కడే ఉచితంగా ఇస్తారు. దాదాపు నలభై వేల రూపాయల మందు. ఆ తర్వాత క్యాథ్ ల్యాబున్న చోటికి తరలిస్తారు. రోగి వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ అయిపోవాలన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. ఆ పది నిమిషాలూ సిస్టరువే. ఈమధ్య తలకి దెబ్బ తగిలిందా, పక్షవాతం వచ్చిందా, ఆపరేషన్ ఏమైనా అయిందా అని అడిగి తెలుసుకోవాల్సిందీ చాలాచోట్ల ఆమే. అడక్కుండా ఆ ఇంజెక్షను ఇస్తే ప్రాణం పోసే మందే ప్రాణం తీస్తుంది.

ఆడవాళ్ళ విషయంలో ఈ చదువు మరీ అవసరం. మనకి గుండెపోటు ఎప్పుడూ సినిమాలో లాగా ఛాతీ పట్టుకుని పడిపోయేలా రాదు. ఛాతీనొప్పితో బాటు, ఒక్కోసారి అది లేకుండానే, దవడ లాగుతుంది, వీపు నొప్పెడుతుంది, వాంతి, నీరసం, ఆయాసం. గ్యాసేమోనని సోడా తాగి పడుకుంటాం. ఆసుపత్రికి వెళ్ళినా "టెన్షన్ అమ్మా, నిద్రపోండి" అనిపించుకుంటాం. ఇంకో మొహమాటం ఉంది. ఈసీజీకి కొన్ని బిళ్ళలు రొమ్ము కింద, పక్కటెముకల మధ్య లెక్కపెట్టి అంటించాలి. మగ టెక్నీషియను సంకోచంతోనో, మనం చీర సర్దుకోవడంతోనో అవి అంగుళమో రెండంగుళాలో పైకి పోతే, గీత తప్పుగా రావచ్చు. ఉన్న జబ్బు కనపడకపోవచ్చు, లేనిది కనపడొచ్చు. ఆడ రోగికి గౌరవం తగ్గకుండా, గీత తప్పకుండా ఈసీజీ తియ్యడం కూడా నేర్పాల్సిన విద్యే. ఏ స్లైడులో ఉంటుంది ఇది?

కాబట్టి ఈసారి మీ వాళ్ళనెవరినైనా యాంజియోగ్రామ్‌కి తీసుకెళ్తే ప్యాకేజీ ఎంత, ఆరోగ్య పథకం వర్తిస్తుందా అని అడిగేటప్పుడు ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగండి. ఈ వార్డు సిస్టర్లకి ఏసీఎల్‌ఎస్ ఉందా? దాని ఫీజు ఎవరు కట్టారు? రిసెప్షన్‌లో అమ్మాయి తెల్లమొహం వెయ్యొచ్చు. పదిమంది అడిగితే పైకి చేరుతుంది. కౌన్సిలు ముప్ఫై గంటలంటే, వాటిలో సగమైనా రోగి మంచం పక్కన, డ్యూటీ వేళల్లో, తను చేసే పని మీదే ఉండాలని నర్సుల సంఘాలు అడుగుతున్నప్పుడు అది జీతాల గొడవని కొట్టిపారెయ్యకండి.

మొన్న మా అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళ ల్యాబ్‌లో ప్రతి బుధవారం మొదటి కేసుకి ముందు అరగంట నేర్చుకోవడానికి ఒప్పించిందట. అరగంట ముందు రానక్కర్లేదు, అది డ్యూటీలోనే లెక్క. మేట్రన్‌గారిని ఒప్పించడానికి రెండు నెలలు పట్టిందట.

"మొదటి బుధవారం ఏం చేశారే?" అన్నాను.

"మా సీనియర్ టెక్నీషియన్‌గారు రెండు రకాల హెపారిన్ వయల్సూ కలిపేసి, ఒక్కొక్కటీ మూడు క్షణాలు చూపించి, ఎన్ని యూనిట్లో రాయమన్నారు పిన్నీ. తొమ్మిదిమందిమి. ఇద్దరం తప్పు రాశాం."

"ఎవరెవరు?"

"ఒకడు కొత్తగా చేరిన టెక్నీషియను. ఇంకోదాన్ని నేనే."